పేరు ఎక్కడ వేస్తారు?

మొన్న డిసెంబరులో మా ఎంపీఐ (ఒకే లెక్కని చాలా ప్రాసెసర్లకు పంచి నడిపే పద్ధతి) శిక్షణ తరగతికి ముప్పై మంది దాకా వచ్చారు. ఎడిన్‌బరోలో ఆ రోజుల్లో మధ్యాహ్నం మూడున్నర దాటగానే పొద్దు గూకుతుంది. టీ విరామానికి అందరూ లేచారు. వెనక వరసలో ఒకమ్మాయి మాత్రం లేవలేదు. నేను దగ్గరికెళ్తే ల్యాప్‌టాప్ సగం మూసేసింది.

జాబ్, అంటే సూపర్‌కంప్యూటర్‌కి పంపిన లెక్క, ఆగిపోయిందా అని ఇంగ్లీషులోనే అడిగాను. నా మెడలో కార్డు మీది పేరు చదివి, "అక్కా, మీరు తెలుగోళ్లేనా?" అంది. వరంగల్ అమ్మాయి. ఇక్కడ ఎమ్మెస్సీలో చేరి మూడు నెలలైందట. "పొద్దున్నుంచి నాలుగుసార్లు పంపిన అక్కా. క్యూలో ఉంటది, మొదలైతది, మధ్యలనే పోతది. అందరిది నడుస్తుంది, నాదే నడుస్తలేదు. అడిగితే ఏమనుకుంటరో అని..."

మేం వాడిన ఆర్చర్2 సూపర్‌కంప్యూటర్‌లో 5,860 నోడ్లు, అంటే కలిపి కట్టిన విడి కంప్యూటర్లు. ఒక్కో నోడ్‌కి లెక్కలు చేసే కోర్లు 128. మామూలు నోడ్‌కి 256 జీబీ మెమరీ అంటే కోర్‌కి వచ్చే వాటా రెండే జీబీ. ఆమె ప్రోగ్రాంలో కోర్‌కొకటి చొప్పున నడిచే ఒక్కో ప్రాసెస్ మూడు జీబీ అడుగుతోంది. రెండు బస్సులకు సరిపడే జనాన్ని ఒకే బస్సు ఎక్కించినట్టయింది. నోడ్‌కి 64 ప్రాసెస్‌లే పెట్టి, నోడ్లు రెండింతలు అడగమన్నాను. స్క్రిప్ట్‌లో రెండు లైన్లు మార్చి పంపింది. ఈసారి చివరిదాకా నడిచింది.

"నీ ప్రోగ్రాంలో తప్పేం లేదు" అన్నాను. ఆ మాట నాకు ఎవరైనా పదేళ్ల కిందట చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఆమె తరగతంతా ఒకసారి చూసి, "ఈ పనిల ఆడోళ్లు ఇంతేనా అక్కా?" అంది. ఆ రోజు గదిలో నాతో కలిపి ఆరుగురం.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో వేరే ఊళ్లో, వేరే సంస్థలో పనిచేశాను. గాలి ప్రవాహాల మీద లెక్కలు చేసే ఒక బృందం ప్రోగ్రాం నా చేతికొచ్చింది. వారం పట్టే లెక్క. డేటాని కోర్ల మధ్య పంచే తీరు మార్చి, ఫైళ్లు రాసే భాగం మొత్తం మళ్లీ రాసి, దాన్ని ఒకటిన్నర రోజుకి తెచ్చాను. నాలుగు నెలల పని. పేపర్ అచ్చయ్యాక చూసుకుంటే రచయితల్లో నేను లేను. చివరి పేరాలో, సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు అన్నచోట ఉన్నాను. అదీ ఇంటిపేరే నా పేరనుకుని, అసలు పేరుని పొడి అక్షరం చేసి వేశారు. ఫోన్‌లో అమ్మకి చెబితే "పోనీలే తల్లీ, థ్యాంక్స్ అయినా చెప్పారు కదా" అంది. నేనూ రెండేళ్లపాటు పోనీలే అనుకుంటూనే బతికాను.

ఇక్కడ చేరాక మా సీనియర్ ఒకావిడకి ఈ సంగతి చెప్పాను. స్కాట్లండ్ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. నాలుగున్నరకి పిల్లల్ని తెచ్చుకోవాలని క్యాలెండర్‌లో అందరికీ కనబడేలా రాసుకుంటుంది, ఆ వేళకి మీటింగ్ పెడితే సమయం మార్చమంటుంది. అలా అడగొచ్చని నాకు తెలిసింది ఆవిడని చూశాకే. నా కథంతా విని, అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల 1955 నాటి నివేదిక ఒకటి తెర మీద తెరిచింది.

స్ప్రింగులతో కలిపిన బరువుల వరస ఒకటి. దాన్ని కదిపితే ఆ శక్తి మెల్లగా అన్ని రకాల కంపనాలకూ సమంగా పంపిణీ అవుతుందని శాస్త్రవేత్తలు ఎన్రికో ఫెర్మీ, జాన్ పాస్తా, స్టానిస్లా ఉలాం అనుకున్నారు. అక్కడి మేనియాక్ కంప్యూటర్ మీద లెక్కవేస్తే, కొంతసేపు చెదిరిన శక్తి దాదాపు మొత్తం తిరిగి మొదటి కంపనానికే వచ్చేసింది. తర్వాత ఎన్నో పరిశోధనలకు అదే పునాది. ఆ లెక్కని ప్రోగ్రాంగా రాసి, యంత్రం మీద నడిపింది మేరీ సింగూ. 1952లో అక్కడ చేరిన యువతి. నివేదిక మొదటి పేజీలో పని చేసినవారు నలుగురు, వారిలో ఆమె ఉంది. రాసినవారు ముగ్గురే. అడుగున చిన్నక్షరాల్లో మిస్ మేరీ సింగూకి కృతజ్ఞతలు. యాభై ఏళ్లకు పైగా ఆ సమస్యని ముగ్గురి పేరుతోనే పిలిచారు. 2008లో తియెరీ దోషువా అనే భౌతికశాస్త్రవేత్త ఆమె పేరు కూడా చేర్చాలని వ్యాసం రాశాకే మార్పు మొదలైంది.

ఆ రోజు మా సీనియర్ నాకు నేర్పింది ఒక్కటే. పని ఒప్పుకునే ముందే అడుగు, నా పేరు ఎక్కడ వేస్తారని. మొదటిసారి అడిగినప్పుడు నా గొంతు వణికింది. అవతలి ప్రొఫెసర్ మాత్రం "రచయితల్లోనే" అని మామూలుగా చెప్పి పనిలో పడ్డాడు.

ఇదంతా ఆ అమ్మాయికి టీ తాగుతూ చెప్పాను. మాటల్లో గ్రేస్ హాపర్ పేరొస్తే, "అది చిప్పు కదక్కా?" అంది. తన తప్పేం లేదు. బ్రిస్టల్‌లోని ఇసాంబార్డ్-ఏఐ సూపర్‌కంప్యూటర్‌లో 5,448 గ్రేస్ హాపర్ చిప్‌లున్నాయి, పాఠాల్లో వినేది వాటి గురించే. 1952లో కంపైలర్ (ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చేది) రాసిన నావికాదళ అధికారి ఆమె అని చెబితే ఫోన్‌లో ఫొటో వెతికి చాలాసేపు చూసింది. ఆమె పేరు యంత్రానికి పెట్టడం నాకు సంతోషమే. కానీ ల్యాప్‌టాప్ సగం మూసుకుని కూర్చున్న పిల్లకి కావలసింది పక్కన కుర్చీ లాక్కుని కూర్చునే మనిషి. ఈ రంగంలోని ఆడవాళ్ల కోసం టోనీ కాలిస్ మొదలుపెట్టిన 'ఉమెన్ ఇన్ హెచ్‌పీసీ' సంస్థ (హెచ్‌పీసీ అంటే సూపర్‌కంప్యూటర్ల పని) పుట్టింది ఈ ఊళ్లోనే. అందులో ఒకరికొకరు తోడుగా ఉండే మెంటరింగ్‌కి విలువ ఎక్కువ ఇస్తాను నేను. మర్నాడు ఆమె ముందు వరసలో కూర్చుంది.

ఆ తర్వాత నెలకోసారి కలుస్తూ వచ్చాం. తన ప్రాజెక్టులో ఫైళ్లు రాసే భాగం దగ్గర ఇద్దరం కలిసి మూడు వారాలు తిప్పలు పడ్డాం. కిందటి వారం వాళ్ల బృందం పేపర్ చిత్తుప్రతి పంపింది. "ముందే అడిగిన అక్కా, నాది రెండో పేరు" అని రాసింది. కింద ఇంకో ప్రశ్న. "మీది మూడోది. ఎట్ల రాయమంటరు? ఇంటిపేరు ముందా, ఎనకా?"

రెండూ పూర్తిగా రాసి, ఏది ఇంటిపేరో గీత గీసి పంపాను.