ముందు నుంచి మూడే కనిపిస్తాయి

తిరుపతిలో ఏడో తరగతి పిల్లలకు ఘనాలు పేర్చి, వాటిని ముందు, పక్క, పై నుంచి చూసి గీసే పాఠం చెప్పినప్పుడల్లా ఒకే చోట తడబాటు. రెండు వరుసల్లో నాలుగు గళ్లున్న కాగితం మీద, ఒక్కో గడిలో ఘనాలను ఒకదానిపై ఒకటిగా, వెనక వరుసలో 3, 1, ముందు వరుసలో 1, 2 చొప్పున పేర్పించాలి. మొత్తం 7. ముందు నుంచి గీయమంటే ఎడమవైపు మూడూ ఒకటీ కలిపేసి 4 గళ్లు గీస్తారు. కలపకూడదు, ఎత్తయిన దొంతరే లెక్క: 3, 2. కళ్లు బల్ల మట్టానికి దించి, ఒక కన్ను మూసి చూడమంటే తప్పు వాళ్లకే దొరుకుతుంది. నిలబడి చూస్తే పైముఖాలు కూడా కనబడి బొమ్మ చెడుతుంది.

గోవిందరాజస్వామి గుడి గోపురం రోజూ చూసేదే కదా, పై నుంచి గీయమనండి. మెట్లు మెట్లుగా గీస్తారు; రావాల్సింది ఒకదానిలో ఒకటి ఒదిగిన దీర్ఘచతురస్రాలు.

అన్నిటికన్నా నాకిష్టమైనది ఇది: మొదట పేర్చిన ఘనాల్లో ఒక్కటే ఉన్న రెండు గళ్లలో ఇంకో ఘనం చొప్పున పెట్టించండి. 9 అయినా పై, ముందు, పక్క బొమ్మలు మూడూ మారవు!