మా అబ్బాయి, గ్రీన్ బే ప్యాకర్స్

అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెరుగుతున్న మా అబ్బాయికి అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ అంటే ప్రాణం. వాడు మనకు దూరమైపోతున్నాడని దిగులుపడే బంధువులకు నేను చెప్పేది ఒక్కటే: పిల్లవాడు పెరిగే ప్రాంతపు చరిత్ర వాడికి సొంతం కావాలి, దాన్ని వాడితో పాటు మనమూ తెలుసుకోవాలి.

తెలుసుకోదగిన చరిత్రే అది. 1919లో కర్లీ లాంబో, జార్జ్ కాల్హూన్ కలిసి జట్టును ఏర్పాటు చేసినప్పుడు, లాంబో పనిచేస్తున్న మాంసం ప్యాకింగ్ కంపెనీ ఆటగాళ్ల దుస్తులకు డబ్బివ్వడంతో ఆ పేరు వచ్చింది. 1923 నుంచి జట్టు ప్రజలదే. నేడు 5 లక్షలకు పైగా వాటాదారులున్నా ఎవరికీ డివిడెండు రాదు, వాటాను లాభానికి అమ్ముకునే వీలూ లేదు. ఈ సంగతి విన్న మా నాన్నగారు, పాల సహకార సంఘంలో ఏళ్ల తరబడి సభ్యులుగా ఉన్న మనిషి కాబట్టి, వెంటనే ఆ జట్టు పక్షం చేరిపోయారు. జనాభా లక్ష మాత్రమే దాటిన గ్రీన్ బే అనే చిన్న ఊరు జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో 13 సార్లు విజేతగా నిలిచిందంటే ఆయనకు ఎంతో గౌరవం.

వేసవి శిక్షణ రోజుల్లో ఆటగాళ్లు ఊరి పిల్లల సైకిళ్లెక్కి ప్రాక్టీసు మైదానానికి వెళ్లే ఆచారం దశాబ్దాలుగా ఉంది. మా వాడి సైకిలు మీద కూర్చున్న ఆ భారీ మనిషి మోకాళ్లు హ్యాండిలును దాటి పైకి లేస్తుంటే, వీడు ఆయన హెల్మెట్‌ను రెండు చేతులా గుండెకు హత్తుకుని పక్కనే పరుగెత్తాడు. పరాయితనం అన్న మాటకు అక్కడ చోటే లేదు.

2025 సీజన్ మాత్రం వాడిని బాగా బాధపెట్టింది. తమ ఆటగాడు కెన్నీ క్లార్క్‌ను, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వార్షిక డ్రాఫ్టులో రెండు మొదటి రౌండు అవకాశాలను డాలస్ జట్టుకు ఇచ్చి మైకా పార్సన్స్ అనే ఆటగాణ్ని తెచ్చుకున్నారు; సెప్టెంబరులో అదే డాలస్‌తో మ్యాచ్ 40-40తో సమమైంది; డిసెంబరులో పార్సన్స్ మోకాలి గాయంతో సీజన్‌కే దూరమయ్యాడు. చివరికి సంక్రాంతి ముందు శనివారం రాత్రి, షికాగోలో సగం ఆటకు 21-3తో ముందున్న జట్టు 31-27తో ఓడి ఇంటిదారి పట్టింది.

అప్పటికి గుంటూరులో ఆదివారం ఉదయం. ఆధిక్యం ఎలా చేజారిందో వాడు తాతయ్యకు ఫోనులో పూర్తిగా తెలుగులోనే వివరించాడు. తడుముకున్నప్పుడల్లా ఆయన మాట అందించారు. ఆ తర్వాత పార్సన్స్ వచ్చే సీజన్‌లో మొదటి మ్యాచ్‌కే వస్తాడా అని ఆయన అడిగితే, అంత తొందరపెట్టకూడదు తాతయ్యా అన్నాడు.