20 ఏళ్ల కుర్రాడికి 374 గుర్రాలు ఎందుకు?

ముందే చెప్పేస్తున్నా, నన్నడిగితే వద్దు. పాతికేళ్లు నిండని కుర్రాడి జేబులో, నాలుగు సెకన్లలో వంద స్పీడు అందుకునే కారు తాళం ఎప్పుడూ ఉండకూడదు. ఇలా అనగానే "నీకు కార్లంటే ఇష్టం లేదు" అంటారు. వైజాగ్‌లో యాక్సిడెంటైన బండ్ల నష్టం లెక్కగట్టే మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా చాలా ఏళ్లుగా చేస్తున్నాను, కార్లంటే ఇష్టం లేనివాడు ఈ ఎండలో, ఈ షెడ్లలో, ఈ గ్రీజులో నిలబడలేడు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే మా బావ వల్ల. ఆనందపురం వైపు ఒక స్థలం అమ్మాడు, చేతిలో డబ్బు ఆడుతోంది. మా మేనల్లుడికి 20 ఏళ్లు, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. తండ్రీకొడుకులు కలిసి హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ ఎం340ఐ చూసుకొచ్చారు. మూడు లీటర్ల ఇంజిన్, 374 హార్స్‌పవర్, సున్నా నుంచి వందకి 4.4 సెకన్లు. టోకెన్ అడ్వాన్స్ కూడా ఇచ్చేశాక అప్పుడు నాకు ఫోన్. కొనమంటావా వద్దంటావా అని కాదు, "దీనికి ఇన్సూరెన్స్ ఎంతవుద్దిరా?" అని.

ఆ ప్రశ్నకి జవాబు చెప్తుంటే నాకే చిరాకేసింది. మన దేశంలో థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది, ఇంజిన్ సీసీని బట్టి ఉంటుంది. 1500 సీసీ దాటితే 2022లో ఖరారు చేసిన రేటు ఏడాదికి 7,897 రూపాయలు. అరవై ఏళ్ల రిటైర్డ్ హెడ్మాస్టారు సింహాచలం వెళ్లడానికి వాడే ఇన్నోవాకీ అదే, మా వాడు అడుగుతున్న ఎం340ఐకీ అదే. మన బండికే జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం అయితే బండి విలువను బట్టి, బండి వయసును బట్టి పెరుగుతుంది. బండి వయసు! నడిపేవాడి వయసు కాదు. ఇంగ్లండ్ లాంటి చోట కొత్తగా లైసెన్స్ తీసుకున్న కుర్రాడు ఇలాంటి కారుకి ఇన్సూరెన్స్ అడిగితే వాళ్లు చెప్పే రేటు వినే సగం మంది ఆశ వదులుకుంటారు. ఇక్కడ ఆపేవాడు ఇంట్లో నాన్న ఒక్కడే. ఆ నాన్నే టోకెన్ ఇచ్చేస్తే ఇక చెప్పేదేముంది.

లైసెన్స్ సంగతీ అంతే. మాధవధార ఆర్టీవోలో డ్రైవింగ్ స్కూల్ వాళ్ల పాత ఆల్టోలో టెస్ట్ ఇస్తాం, వంకర ట్రాక్ మీద ముందుకీ వెనక్కీ తిప్పి చూపిస్తాం, బండి రెండో గేరు దాటితే గొప్ప. అదే కార్డుతో మర్నాడు ఆరొందల హార్స్‌పవర్ పోర్షే నడపొచ్చు, చట్టానికి అభ్యంతరం లేదు. 18 నిండిందా, ఎల్‌ఎమ్‌వీ అంటే కారు లాంటి తేలికపాటి బండి అని ఉందా, అంతే.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో దీనికి ఒక పద్ధతి ఉంది. కొత్త డ్రైవర్లు మొదటి కొన్నేళ్ల ప్రొవిజనల్ లైసెన్స్ మీద ఉన్నన్నాళ్లూ, టన్ను బరువుకి 130 కిలోవాట్ల కంటే ఎక్కువ పవర్ ఉన్న కారు నడపకూడదు. ఈ లెక్క నాకు భలే నచ్చింది, ఎందుకంటే ఇందులో బ్రాండూ లేదు, ధరా లేదు, డబ్బున్నోళ్ల మీద కోపమూ లేదు. ఎం340ఐ 374 హార్స్‌పవర్ అంటే 275 కిలోవాట్లు, బరువు టన్నూ ముప్పావు లోపే, అంటే టన్నుకి 150 దాటిపోతుంది, కాబట్టి కుదరదు. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5 జీటీ 110 కిలోవాట్లు, టన్నుంపావు బరువు, టన్నుకి 90 లోపే, హాయిగా నడుపుకోవచ్చు. ఇటలీలో కూడా కొత్త లైసెన్స్ వాళ్లకి పవర్ మీద పరిమితి ఉంది. మన దగ్గర రోడ్లు ఇంతకంటే కష్టం, కానీ రూలు మాత్రం లేదు.

అసలు నా భయం వేగం గురించి కూడా కాదు, వేగం తెలియకపోవడం గురించి. పాత ఆల్టోలో హైవే ఎక్కి వంద కొట్టి చూడండి. స్టీరింగ్ వణుకుతుంది, డాష్‌బోర్డ్‌లో ఎక్కడో ప్లాస్టిక్ టకటకమంటుంది, అద్దాల్లోంచి గాలి ఈల వేస్తుంది, పక్కన లారీ దాటితే బండి ఒక జానెడు పక్కకి జరుగుతుంది. ఇంకొంచెం తొక్కాలంటే కాలికే భయమేస్తుంది. అదే ఎం340ఐలో 140 మీద పోతుంటే పాట వినిపిస్తుంది, ఏసీ చల్లగా తగులుతుంది, పక్కన కూర్చున్నవాడు ఫోన్ చూసుకుంటుంటాడు. అరవైలో పోతున్నట్టే ఉంటుంది. ఆల్టోలో నాలుగేళ్లు తిరిగినవాడికి రోడ్డు ఎప్పుడు ఏం చేస్తుందో ఒంటికి పడుతుంది. లైసెన్స్ తీసుకున్న మరుసటి నెలే పెద్ద బండి ఎక్కినవాడికి అది ఎక్కడ పడుతుంది?

ఇక ఆ బండి తిరిగేది ఎక్కడ? బీచ్ రోడ్డే. తెన్నేటి పార్క్ దాటి జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ, తొట్లకొండ, అలా భీమిలి. దేశంలో ఇంత అందమైన రోడ్డు ఇంకోటి లేదని నేనూ నమ్ముతాను. కానీ గాలి తిరిగితే ఇసుక తారు మీదకొస్తుంది, తెల్లారుజామున ఉప్పుతేమకి రోడ్డు నున్నగా అవుతుంది, చేపలబుట్ట వెనక కట్టుకున్న టీవీఎస్ ఎక్స్‌ఎల్ ఏ సందులోంచి వస్తుందో ఎవరికీ తెలీదు. వంద స్పీడులో సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతాం. ఎదురుగా ఏదో ఉందని కన్ను చూసి, కాలు బ్రేక్ మీదకి వెళ్లేసరికే ఆ 28 మీటర్లు అయిపోతాయి, బ్రేక్ పని మొదలయ్యేది ఆ తర్వాత. స్పీడు రెట్టింపైతే గుద్దుకునే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు. ఇది ఇంటర్‌లో మా వాడూ చదివాడు, మార్కులు కూడా బానే వచ్చాయి.

"మావయ్యా, ఎయిర్‌బ్యాగ్స్ ఉన్నాయి, బండి జారకుండా ఆపే ఈఎస్‌పీ ఉంది, ఆల్ వీల్ డ్రైవ్, నీ ఆల్టో కంటే వంద రెట్లు సేఫ్" అన్నాడు. నిజమే, కాదనను. ఒకే స్పీడులో గుద్దితే ఆ బండిలో బతికే అవకాశం చాలా ఎక్కువ. కానీ ఒకే స్పీడులో ఎవరు గుద్దుతారు? పైగా ఆ సేఫ్టీ అంతా లోపల కూర్చున్నవాళ్లకి. బయట నడిచేవాడికి ఎయిర్‌బ్యాగ్ లేదు.

గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డులో నేను సర్వే చేసిన బండి చెప్తాను. ఏ కంపెనీదో అనవసరం, ఖరీదైనదే. ఎయిర్‌బ్యాగులన్నీ తెరుచుకుని చొక్కాల్లా వేలాడుతున్నాయి, సీట్ల మీద తెల్లటి పొడి. ముందు ఎడమ చక్రం ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య గోడలా ఉండే ఫైర్‌వాల్‌లోకి దిగిపోయింది. వెనక సీటు కింద ఒక కాలేజీ ఐడీ కార్డు, రెండు చిప్స్ ప్యాకెట్లు, మూడు వేర్వేరు సైజుల చెప్పులు. అంటే బండి నిండా పిల్లలు. అదృష్టం, అందరూ బతికారు. నేను ఫొటోలు తీసి, టోటల్ లాస్, అంటే బాగుచేయించడం దండగ, అని రాసి సంతకం పెట్టాను. నాకు ఆ చెప్పులే ఎక్కువ చెప్పాయి. ఈ వయసులో ఒక్కడే ఉన్నప్పుడు జాగ్రత్తగా నడిపే కుర్రాడు కూడా, వెనక ముగ్గురు ఫ్రెండ్స్ "తొక్కరా" అంటే తొక్కకుండా ఉండలేడు. "మావాడు అలాంటోడు కాదు" అని ప్రతి తండ్రీ అంటాడు, మా బావ కూడా అన్నాడు.

2017 మేలో జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్‌ని గుద్దుకున్న బెంజ్ గుర్తుందా? అప్పటి మంత్రి నారాయణ గారి అబ్బాయి, అతని స్నేహితుడు ఇద్దరూ పోయారు. డబ్బుకీ పలుకుబడికీ లోటు లేని ఇల్లు. 2024 మేలో పుణెలో పోర్షే నడిపిన అబ్బాయికి 17 ఏళ్లు, లైసెన్సే లేదు. ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు చనిపోతే మొదట వ్యాసం రాయమని బెయిల్ ఇచ్చారు, దేశమంతా మండిపడింది. మైనర్ నడిపితే తండ్రికో బండి ఓనర్‌కో మూడేళ్ల దాకా జైలు, 25 వేలు జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు అని 2019 సవరణలోనే ఉంది. 18 దాటగానే ఆ భయం పోతుంది, మిగతాదంతా అలాగే ఉంటుంది.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. స్పోర్ట్స్ కార్ల వల్ల పోయేవాళ్లు మొత్తంలో చాలా కొద్దిమంది. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోతే అందులో అన్నిటికంటే పెద్ద వాటా టూవీలర్లదే. మద్దిలపాలెం జంక్షన్‌లో అరగంట నిలబడితే తెలుస్తుంది, డ్యూక్ 390 లాంటి పవర్ బైకులు వేసుకుని హెల్మెట్ మోచేతికి తగిలించుకున్న పిల్లలు ఎంతమందో. కోటీశ్వరుడి కొడుకుని తిట్టినంత సులువుగా మనింటి కుర్రాడి బైకుని తిట్టం. బైకుకీ బరువు, పవర్ లెక్క కట్టి లైసెన్స్ ఇస్తే నాకింకా సంతోషం.

సరదా తీర్చుకోవద్దని కాదు. శ్రీపెరంబుదూర్ దగ్గర మద్రాస్ రేస్ ట్రాక్ ఉంది, వైజాగ్ నుంచి దాదాపు 800 కిలోమీటర్లు, ఒక రాత్రి రైలు. అక్కడ ఎదురుగా ఆవు రాదు, చేపల బండి రాదు. తొక్కితే ఏమవుతుందో, బ్రేక్ ఎక్కడ వేయాలో నేర్పేవాళ్లుంటారు. మేనల్లుడికి ఆ ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను. వర్టస్ కొనమన్నాను, పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చే రీమ్యాప్ మాత్రం చేయించకు, కంపెనీకి చెప్పకుండా మారిస్తే రేపు క్లెయిమ్ దగ్గర నాలాంటివాడే అడ్డం పడతాడు అని కూడా చెప్పాను.

వాడు నాతో మాట్లాడటం మానేశాడు, వాట్సాప్‌లో బ్లూ టిక్ పడుతుంది, జవాబు రాదు. అక్క నా వైపే. బావకి ఇప్పుడు కారు గురించి కూడా కాదు బెంగ, టోకెన్ అడ్వాన్స్ వెనక్కి ఇవ్వనంటున్నాడట హైదరాబాద్ వాడు. ఆదివారం ఇంటికి రమ్మన్నాడు, ఆ రసీదు పట్టుకుని కూర్చోవాలి.