స్లూ క్రీక్‌లో దొరికిన ఆ 38 సెంటీమీటర్ల ట్రౌటు జాతి ఏదో ఇంకా తేలలేదు

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో, స్లూ క్రీక్ అనే వాగులో పట్టిన ఈ చేప నన్ను నిద్రపోనివ్వడం లేదు. గొంతు కింద నారింజ గీత చూస్తే అక్కడి స్థానిక ట్రౌటు కట్‌త్రోట్ అనిపిస్తుంది. తల మీద చుక్కలు చూస్తే, బయటి నుంచి తెచ్చిన రెయిన్‌బో ట్రౌటు రక్తం కలిసిన సంకరం, అంటే కట్‌బో అనిపిస్తుంది. ఎడమ పొట్టరెక్క అంచున తెల్లదనం ఉంది, కుడి రెక్కకు లేదు. ఫోటోలను ఎన్నిసార్లు పెద్దవి చేసి కొలిచినా జవాబు నిలబడడం లేదు.

ఆ రోజు మిగతా వేట గురించి ఒక్క మాటలో చెప్పేస్తాను: వాగు వెంట ఉన్న రెండో మైదానంలో పారాచూట్ ఆడమ్స్ అనే పురుగు ఆకారపు ఎరకు (16వ నంబరు గాలం), ఎండ ముదిరాక మిడత ఎరకు మంచి చేపలు పడ్డాయి, అన్నీ సందేహం లేని ఎల్లోస్టోన్ కట్‌త్రోట్లే.

ఈ గుర్తింపు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, అక్కడ దాని మీద ఒక ప్రాణం ఆధారపడి ఉంది. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో స్థానిక చేపలన్నిటినీ వదిలేయాలి. లామార్ నది పరీవాహకంలో మాత్రం (స్లూ క్రీక్ అందులోదే) రెయిన్‌బోను, గుర్తించగలిగిన సంకర చేపను తప్పనిసరిగా చంపాలి. ‘గుర్తించగలిగిన’ అన్న షరతు ఒడ్డున నిలబడిన మనిషి కళ్ల మీదే భారమంతా పెడుతుంది. వలలో చేప తన్నుకుంటూ ఉండగా, కొద్ది సెకన్లలో నిర్ణయం జరగాలి.

ఆ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పార్కు నీళ్లలోకి చేపపిల్లలను తెచ్చి వదలడం 1889లో మొదలైంది. రెయిన్‌బో, కట్‌త్రోట్ రెండూ వసంతంలో, వేసవి మొదట్లో గుడ్లు పెట్టేవే. రెయిన్‌బో కాస్త ముందు, కట్‌త్రోట్ కాస్త వెనక, మధ్యలో కొన్ని వారాలు కలుస్తాయి. పుట్టిన పిల్లలకు మళ్లీ పిల్లలు పుడతాయి. అవి తిరిగి కట్‌త్రోట్‌తో కలుస్తాయి. అలా కొన్ని తరాలు గడిచాక బయటికి కట్‌త్రోట్‌లా కనిపించే చేపలో రెయిన్‌బో వాటా ఎంతో కంటితో చెప్పడం కష్టం. కైకలూరు వైపు చేపల రైతులకు ఇది కొత్తగా అనిపించదు: హేచరీ తొట్టిలో బొచ్చె, శీలావతి ఒకేసారి గుడ్లు పెడితే వచ్చే సంకర పిల్లలకూ సంతానశక్తి ఉంటుంది. శరత్కాలంలో గుడ్లు పెట్టే బ్రౌన్ ట్రౌటుతో ఈ బెడద లేదు. బ్రౌన్ ట్రౌటు, బ్రూక్ ట్రౌటు కలిస్తే వచ్చే టైగర్ ట్రౌటుకు సంతానశక్తి ఉండదు, పైగా ఒళ్లంతా మెలికల గీతలు. దాన్ని ఎవరైనా గుర్తుపడతారు.

ఇక ఆ చేప సంగతి. మొదటి మైదానం దిగువన, నీటి ఉష్ణోగ్రత 13 డిగ్రీలు ఉన్నప్పుడు, ఒడ్డు కోసుకుపోయిన లోతైన వంపులో పట్టింది. ముక్కు నుంచి తోక చీలిక వరకు 38 సెంటీమీటర్లు. వలను నీళ్లలోనే ఉంచి ఫోటోలు తీశాను.

గొంతు గీత ఎడమ వైపు 22 మిల్లీమీటర్లు, కుడి వైపు 19. రంగు వెలిసిన నారింజ. అదే రోజు పట్టిన స్పష్టమైన కట్‌త్రోట్లకు ఎర్రగా, 30 మిల్లీమీటర్ల దగ్గరలో ఉంది. అయితే గొంతు గీతను నేను సాక్ష్యంగా తీసుకోను. ‘గీత ఉంటే కట్‌త్రోట్, లేకపోతే రెయిన్‌బో’ అని కొత్తవాళ్లకు నేర్పే పద్ధతి ఇలాంటి నీళ్లలో హాని చేస్తుందని గట్టిగా నమ్ముతున్నాను. మొదటి తరం సంకరానికీ గీత ఉంటుంది. సముద్రానికి దూరంగా లోపలి నదుల్లో ఉండే రెడ్‌బాండ్ రకం రెయిన్‌బోల్లో కొన్నిటికి కూడా పలచటి గీత కనిపిస్తుంది. గీత లేకపోవడం కొంత చెబుతుంది కానీ, ఉండడం దాదాపు ఏమీ చెప్పదు.

పై దవడ ఎముక కంటి వెనక అంచును దాటి 5 మిల్లీమీటర్లు పోయింది. ఇది కట్‌త్రోట్ వైపు మొగ్గే లక్షణం. కానీ పెద్ద మగ రెయిన్‌బోలకూ దవడ పొడుగవుతుంది, కాబట్టి అర మార్కు మాత్రమే ఇచ్చాను.

తల చుక్కల దగ్గర అసలు యుద్ధం. ఎల్లోస్టోన్ కట్‌త్రోట్‌కు చుక్కలు పెద్దవిగా, గుండ్రంగా, తోక వైపు గుమిగూడి ఉంటాయి. తల పైభాగం చాలావరకు ఖాళీ. రెయిన్‌బోకు తల మీద కూడా చల్లినట్టు ఉంటాయి. ఈ చేప తల మీద నేరుగా ఎండలో తీసిన ఫోటోలో 11 లెక్కపెట్టాను. టోపీ నీడలో తీసిన దాంట్లో 8. పది సెంటీమీటర్ల నీటి కింద తీసిన దాంట్లో 6, చూసే కోణాన్ని బట్టి 7. ఎండ ఫోటోలో అదనంగా వచ్చినవి చాలావరకు మెరుపు పక్కన ఏర్పడిన నల్లటి నీడలని నా అనుమానం. అందుకని ఒక హద్దు పెట్టుకున్నాను: ముక్కు నుంచి మెడ మీద పొలుసులు మొదలయ్యే చోటు వరకే తల, ఒక మిల్లీమీటరు దాటిన చుక్కే చుక్క. ఆ లెక్కన 5 మిగిలాయి. అదే కొలతతో ఆ రోజు పట్టిన మిగతా చేపలకు సున్నా నుంచి 3 వచ్చాయి. అంటే తేడా ఉంది, కానీ చాలినంత లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. 25 సెంటీమీటర్ల దూరం నుంచి వెడల్పు లెన్సుతో తీస్తే కెమెరాకు దగ్గరగా ఉన్న తల ఉబ్బి కనిపిస్తుంది. 60 సెంటీమీటర్ల నుంచి జూమ్‌తో తీసిన ఫోటోను వల పిడి మీది సెంటీమీటరు గుర్తులతో సరిచూస్తే, 1.2 మిల్లీమీటర్లు అనుకున్న రెండు చుక్కలు 0.9కి తగ్గాయి. ఇప్పుడు లెక్క 3. ఒకే చేప, ఒకే తల, 11 నుంచి 3 దాకా.

పొట్టరెక్కలు. రెయిన్‌బో వాటా గట్టిగా ఉన్న చేపకు పొట్టరెక్కల ముందు అంచున, కొసన సుద్ద పూసినట్టు తెలుపు ఉంటుంది. ఆసన రెక్కకు (తోకకు ముందు, కింది వైపు ఉండేది) కూడా తరచుగా ఉంటుంది. నేను ఇంతకుముందు లామార్‌లో పట్టి చంపిన కట్‌బోల్లో ఆ తెలుపు రెండు మిల్లీమీటర్ల వెడల్పున, రెండు వైపులా, హద్దు గీసినట్టు ఉంది. ఈ చేప ఎడమ రెక్క మీద కొస నుంచి 14 మిల్లీమీటర్ల పొడవునా ఒక పాలిపోయిన అంచు ఉంది. వెడల్పు ఎక్కువలో ఎక్కువ 1.3 మిల్లీమీటర్లు. రంగు సుద్ద తెలుపు కాదు, మీగడ రంగు. కుడి రెక్కంతా పసుపు కలిసిన నారింజ. ఆసన రెక్కకు ఏమీ లేదు.

నా మొదటి ఊహ: ఎడమ రెక్కకు ఎప్పుడో గాయమై, కొత్తగా పెరిగిన కణజాలం పాలిపోయి కనిపిస్తోంది. దీనికి ఆధారం ఉంది, రెక్కలోని మూడో ముల్లు వంగి అతుక్కుని ఉంది. కానీ ఆ వంపు ముందు అంచుకు 6 మిల్లీమీటర్లు లోపలికి ఉంది. గాయం ఒక చోట, తెలుపు మరో చోట ఎందుకుంటాయి? రెండో ఊహ: తడి రెక్క అంచు మీద ఎండ తళుక్కుమంది. నీటి కింది ఫోటోలోనూ అంచు కనిపిస్తోంది కాబట్టి దీన్ని దాదాపు కొట్టేశాను. మూడో ఊహ: ఇది రెండు మూడు తరాలు కట్‌త్రోట్‌లోకి తిరిగి కలిసిపోయిన సంకరం, తెలుపు ఒక వైపు మాత్రమే మిగిలింది. నా మనసు దీని వైపే లాగుతోంది, కానీ రుజువు లేదు.

పొలుసులూ ప్రయత్నించాను. పార్శ్వరేఖ (ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే గీత) వెంబడి కట్‌త్రోట్‌కు చిన్న పొలుసులు, సాధారణంగా 150కి పైనే. రెయిన్‌బోకు అంతకంటే తక్కువ. మాక్రో ఫోటో మీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ ముందు నుంచి వెనక్కి లెక్కపెడితే 158 వచ్చాయి. వెనక నుంచి ముందుకు లెక్కపెడితే 143. తోక దగ్గర చుక్కల మీద పొలుసుల హద్దులు కనబడవు. ఈ పద్ధతి బతికున్న చేపకు పనికిరాదని తేల్చేశాను.

నాలుక వెనక అడుగున ఉండే చిన్న పళ్లు కట్‌త్రోట్‌కు ఉంటాయి, రెయిన్‌బోకు ఉండవు. మంచి గుర్తే, కానీ వదిలేయబోయే చేప నోట్లో వేలు పెట్టి మొప్పల మధ్య తడమడం నాకు అస్సలు ఇష్టం లేదు. చంపిన చేపల్లో మాత్రం తప్పక చూస్తాను. (వాటిని పారేయను. ట్రౌటు పులుసుకు కొరమీనులా నిలబడదు, ముక్క విడిపోతుంది. పలుచగా కారం, పసుపు పట్టించి పెనం మీద వేయిస్తే మాత్రం అద్భుతం.)

రెక్క ముక్క కత్తిరించి డీఎన్‌ఏ పరీక్షకు పంపితే గొడవ తీరేది. కానీ పార్కులో నమూనా సేకరణకు పరిశోధన అనుమతి కావాలి, గాలం వేసే లైసెన్సు దానికి సరిపోదు. ఆ చేపను వదిలేశాను. నా కంటికి అది ‘గుర్తించగలిగిన’ సంకరం కాలేదు కాబట్టి వదలడమే సరైనదని ఇప్పటికీ అంటాను.

సామాను గురించి. ఒలింపస్ టఫ్ కెమెరా ఈ పనికి నేను వాడినవాటిలో అన్నిటికంటే నమ్మకమైనది. నీటి కింద దగ్గర ఫోటోలకు ఫోను దాని దరిదాపుల్లోకి రాదు. పోలరైజ్డ్ అద్దాల్లో బూడిద రంగు కంటే రాగి రంగు మేలు, చుక్కలు విడివిడిగా తెలుస్తాయి. వల రబ్బరుదే ఉండాలి, నూలు అల్లికలో రెక్కల కొసలు చీలుతాయి, ఆ తర్వాత తెలుపు గురించి వాదించడం దండగ. ఫోటో పెడితే జాతి చెబుతానన్న ఒక ఫోను యాప్ ఈ చేప ఎడమ వైపు చూసి రెయిన్‌బో అంది, కుడి వైపు చూసి కట్‌త్రోట్ అంది. దాన్ని తీసేశాను.

ఇంకొక హెచ్చరిక: కట్‌త్రోట్ అంతా ఒకటి కాదు. 2023లో అమెరికన్ ఫిషరీస్ సొసైటీ పేర్ల జాబితా దాన్ని నాలుగు జాతులుగా విడదీసింది. ‘ముందు పొట్ట భాగంలో చుక్కలు ఉండకూడదు’ అన్న సూత్రం వాటిలో మరొకటైన వెస్ట్‌స్లోప్ కట్‌త్రోట్ కోసం పుట్టినది. ఎల్లోస్టోన్ చేప మీద దాన్ని ప్రయోగించి సంకరమని తేల్చేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అలా ఎన్ని స్వచ్ఛమైన చేపలు చచ్చిపోతాయో.

నాకు ఇప్పుడు కావలసింది సరిపోల్చడానికి ఒక ఆధారం. స్వచ్ఛమైన ఎల్లోస్టోన్ కట్‌త్రోట్‌కు పొట్టరెక్క మీద మీగడ రంగు అంచు సహజంగా వస్తుందా? ఆ ప్రశ్నకు జవాబు ఎల్లోస్టోన్ నదిలో, రెండు పెద్ద జలపాతాల పైన ఉంది. కింది జలపాతం 94 మీటర్లు, పైది 33 మీటర్లు. దిగువ నుంచి ఏ రెయిన్‌బో వాటిని ఎక్కి రాలేదు. ఎల్లోస్టోన్ సరస్సుకూ ఈ జలపాతాలకూ మధ్య గాలం వేయనిచ్చే చోట్ల పట్టిన ప్రతి చేప రెండు పొట్టరెక్కలనూ, తల పైభాగాన్నీ ఒకే దూరం నుంచి తీస్తాను.

దానికోసం, చేపను ఉంచి ఫోటో తీసే అక్రిలిక్ పెట్టె చేస్తున్నాను: 45 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు, 15 లోతు, వెనక గోడకు బూడిద రంగు ప్లాస్టిక్, అడుగున మిల్లీమీటరు స్కేలు. ఎండ నేరుగా పడకుండా తెల్ల గొడుగు. కెమెరా 60 సెంటీమీటర్ల దూరంలో చిన్న ముక్కాలిపీట మీద. రెండు పలకలు సిలికాన్‌తో అతికించాను, ఒక మూల ఇంకా కారుతోంది. ఈ వారం మళ్లీ గీకి, ఎండబెట్టి అతికించాలి. ఈ పెట్టెను బ్యాగులో నడకదారి వెంట మోయగలనా అన్నది ఖాళీ పెట్టెతో ఇంటి దగ్గరి కొండ మీద ముందు చూసుకుంటాను.