బుల్లెట్లకు మోలీ, హెచ్‌బీఎన్ పూత పూయాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రైఫిల్‌కి మంచి మ్యాచ్ బ్యారెల్ పెట్టుకుని .308 తూటాలతో 600, 1000 గజాల టార్గెట్లు కొట్టేవాళ్ళకు బుల్లెట్ల మీద రాపిడి తగ్గించే పొడి పూత అవసరం లేదు. ఈ మధ్యే ఎఫ్‌-టీఆర్‌లోకి, అంటే రైఫిల్‌ని బైపాడ్ మీద ఆనించి దూరం కొట్టే పోటీల్లోకి వచ్చిన తమ్ముడొకడు "అన్నా, హెచ్‌బీఎన్ పొడి తెప్పించాను, ఉన్న బుల్లెట్లన్నిటికీ పూసేయనా?" అని అడిగాడు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఎక్కువగా వాడే పొడులు మూడు. మాలిబ్డినం డైసల్ఫైడ్, అంటే అందరూ మోలీ అనేది, టంగ్‌స్టన్ డైసల్ఫైడ్, హెక్సాగనల్ బోరాన్ నైట్రైడ్, అదే హెచ్‌బీఎన్. మూడూ పొరలు పొరలుగా ఉండే పదార్థాలే, కొత్త పేకముక్కల కట్టలాగా ఒక పొర మీద ఇంకోటి జారిపోతుంది, అందుకే చుక్క నూనె లేకుండానే రాపిడి తగ్గిస్తాయి. 1990ల్లో అమెరికాలో మోలీ గాలి గట్టిగా వీచింది. తూటాల కంపెనీ నార్మా డైమండ్ లైన్ పేరుతో మోలీ పూసిన మ్యాచ్ తూటాలే (కేసు, మందు, బుల్లెట్ కలిపి కట్టినవి) అమ్మింది, బుల్లెట్ల కంపెనీ బెర్గర్ మోలీతో నల్లబడ్డ బుల్లెట్లను పెట్టెల్లో పెట్టి ఇచ్చింది, బుల్లెట్లను స్టీల్ గుండ్లతో కలిపి టంబ్లర్లో తిప్పి పైన కార్నూబా మైనం పట్టించే పద్ధతి సొంతంగా రీలోడింగ్ చేసుకునేవాళ్ళ, అంటే తూటాలు ఇంట్లోనే కట్టుకునేవాళ్ళ షెడ్ల దాకా వచ్చింది. ఇప్పుడు ఆ ఊపు లేదు. పూత మీద నమ్మకం పోనివాళ్ళు చాలామంది హెచ్‌బీఎన్‌కి మారారు, అమెరికా జాతీయ పోటీలు జరిగే క్యాంప్ పెర్రీలో 11 సార్లు నేషనల్ హైపవర్ రైఫిల్ ఛాంపియన్ అయిన డేవిడ్ టబ్ కూడా బోరాన్ నైట్రైడ్ వైపే.

పూయడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. బుల్లెట్లను ఫ్యాక్టరీ నూనె జిడ్డు పోయేదాకా ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో స్టీల్ బీబీ గుండ్లు, చిటికెడు పొడి, బుల్లెట్లు వేసి రెండు మూడు గంటలు తిప్పాలి, తీశాక పాత టవల్లో వేసి దొర్లించాలి. మోలీ అయితే వేళ్ళు, బల్ల, తువ్వాలు అన్నీ బూడిద నలుపు, ఎంత కడిగినా గోళ్ళ సందుల్లోంచి పోదు. హెచ్‌బీఎన్ తెల్లటి పొడి, బుల్లెట్ మీద కంటికి దాదాపు కనబడదు, కానీ పట్టుకుంటే తెలుస్తుంది, సబ్బు రాసినట్టు వేళ్ళలోంచి జారిపోతుంది.

ఇక అసలు సంగతి. జారుడుగా ఉంటే బుల్లెట్ ఇంకా వేగంగా వెళ్తుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. బుల్లెట్ కేసులోంచి ముందుకొచ్చి రైఫ్లింగ్ గాడుల్లోకి, అంటే బ్యారెల్ లోపలి మెలికల గాడుల్లోకి దిగేటప్పుడు దాని రాగి తొడుగు మీద గాట్లు పడాలి, ఆ క్షణంలో అది మొరాయిస్తుంది కాబట్టే వెనకాల ప్రెషర్ లేస్తుంది. పూత ఉంటే సులువుగా దిగిపోతుంది, ప్రెషర్ అంత లేవదు, కేసులో అదే తుపాకీ మందుతో వేగం సెకనుకు కొన్ని పదుల అడుగులు పడిపోతుంది. పోయిన వేగం తిరిగి రావాలంటే మందు కాస్త పెంచాలి. పెంచాక ఎక్కడికి వచ్చాం? బయల్దేరిన చోటికే, కాకపోతే మధ్యలో ఒక పని, ఒక ఖర్చు ఎక్కువయ్యాయి. ప్రెషర్ తగ్గించుకుని అదనంగా వేగం సాధించినవాళ్ళూ ఉన్నారు గానీ, .308తో మ్యాచ్ కొట్టేవాడికి ఆ కాస్త వేగం కంటే ప్రతి షాట్‌కీ ఒకే వేగం రావడం ముఖ్యం. 1000 గజాల దగ్గర సెకనుకు 10 అడుగుల తేడా వస్తే షాట్ దాదాపు మూడు అంగుళాలు పైకో కిందికో పోతుంది. పూత ఒక బుల్లెట్‌కి మందంగా, ఇంకోదానికి పల్చగా పట్టిందంటే ఆ తేడాని మనమే చేతులారా తయారుచేసుకుంటున్నట్టు.

బ్యారెల్ ఎక్కువకాలం వస్తుందనే మాట కూడా వినిపిస్తుంది, నాకు దాని మీద నమ్మకం లేదు. మ్యాచ్ బ్యారెల్‌ని తినేసేది బుల్లెట్ రాపిడి కాదు, తూటా కూర్చునే ఛాంబర్ ముందు, గాడులు మొదలయ్యే థ్రోట్‌ని కాల్చే వేడి గ్యాసులు. .308 బ్యారెల్ మూడు నాలుగు వేల రౌండ్లు సునాయాసంగా వస్తుంటే 6.5-284 తూటా బ్యారెల్ వెయ్యి దాటగానే నీరసపడటానికి కారణం అదే, సన్నని బోర్‌లోంచి (బ్యారెల్ లోపలి గొట్టంలోంచి) అంత మందు కాలుతుంది. బుల్లెట్ మీద పొడి ఆ మంటని ఆపలేదు.

నిజంగా ఒప్పుకోవాల్సిన లాభం ఒకటుంది. బ్యారెల్ లోపల బుల్లెట్ రాగి తక్కువ పేరుకుంటుంది, శుభ్రం చేయకుండా ఎక్కువ షాట్లు కొట్టొచ్చు. గరుకుగా ఉండే ఫ్యాక్టరీ బ్యారెల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది. కానీ లోపల చేత్తో లాప్ చేసిన, అంటే రుద్ది నున్నగా చేసిన మంచి స్టెయిన్‌లెస్ బ్యారెల్లో రాగి పట్టేదే కొంచెం, ఒక రోజు మ్యాచ్ మొత్తం కొట్టి ఇంటికొచ్చి తుడుచుకుంటే సరిపోతుంది. లేని రోగానికి మందెందుకు?

నన్ను పూతకి దూరంగా ఉంచింది మాత్రం మొదటి షాట్లు. శుభ్రం చేసిన బ్యారెల్ లోపల కూడా ఆ పొడి సమంగా పట్టేదాకా వేగం, ఇంపాక్ట్ రెండూ కదులుతూనే ఉంటాయి. మామూలు బుల్లెట్లతో ఒకటి రెండు షాట్లకే కుదురుకునే బ్యారెల్, పూత ఉన్నవాటితో ఇంకా చాలా షాట్లు అడగొచ్చు. ప్రాక్టీసులో ఇది లెక్కలోకి రాదు, మ్యాచ్‌లో వస్తుంది. ఇంగ్లండ్‌లోని బిస్లీలో జరిగే కింగ్స్ ప్రైజ్ ఫైనల్ చూడండి, 900 గజాల దగ్గర రెండు సైటర్లు, అంటే గురి సరిచూసుకునే షాట్లు, తర్వాత లెక్కలోకి వచ్చే 15 షాట్లు, మళ్ళీ 1000 దగ్గర అంతే. అక్కడ తూటాలు వాళ్ళే ఇస్తారు కాబట్టి పూత గొడవే ఉండదు, అది వేరే సంగతి, కానీ మన క్లబ్ మ్యాచుల్లోనూ రెండు సైటర్ల పద్ధతి చాలాచోట్ల ఉంది. బ్యారెల్ ఇంకా కుదురుకుంటూ ఉంటే, ఆ రెండు షాట్లు చూపించేది గాలినా, బ్యారెల్ మారాన్నా? అది తెలియకుండా విండేజ్ (గురిని పక్కలకు జరిపే నాబ్) తిప్పడం నాకు టెన్షన్. అందుకే పూత వాడేవాళ్ళు రెండు మ్యాచుల మధ్య బ్యారెల్‌ని పూర్తిగా కడగరు, ఒకటి రెండు ప్యాచులతో, అంటే చిన్న గుడ్డ ముక్కలతో మసి తీసి వదిలేస్తారు.

హైదరాబాద్‌లో .22 ప్రోన్ (బోర్లా పడుకుని కొట్టే పోటీ) కొట్టి వచ్చినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. .22 సీసపు బుల్లెట్ల మీద మైనమో గ్రీజో ఉంటుంది, ఒక బ్రాండ్ నుంచి ఇంకో బ్రాండ్‌కి మారితే బ్యారెల్ కొత్త గ్రీజుకి అలవాటు పడేదాకా గ్రూపు (టార్గెట్ మీద షాట్లు పడే గుంపు) చెదురుతుంది, అందుకే మ్యాచ్ రోజు తూటాల లాట్ మార్చరు. ఇక్కడా అదే సూత్రం. ఒక బ్యారెల్‌కి పూతా, మామూలువా, ఏదో ఒకటే పెట్టుకోండి, రెండూ కలిపి కొట్టొద్దు.

మోలీ మీద ఇంకో ఫిర్యాదు తేమ. అది గంధకం ఉన్న పదార్థం, బోర్‌లో మసితో కలిసి గట్టి పొరలా పేరుకుంటుంది, ఆ పొర కింద తేమ చేరితే ఉక్కు తినిపోతుంది. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్ళో ఉండేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. హెచ్‌బీఎన్‌లో గంధకం లేదు, వేడికీ చాలా ఎక్కువ తట్టుకుంటుంది, కాబట్టి పూత పూయాల్సిందేనంటే నేను చెప్పేది అదే.

పూత పనికొస్తుందని ఎవరికి చెప్తాను? బ్యారెల్ త్వరగా రాగి పట్టి ఇరవై ముప్పై షాట్లకే గ్రూపు విప్పుకుంటున్నవాళ్ళకు, మధ్యలో తుడిచే వీల్లేకుండా రోజంతా కొట్టాల్సినవాళ్ళకు, తూటాలు నెలల తరబడి నిల్వ పెట్టేవాళ్ళకు. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. అల్ట్రాసోనిక్‌లో తళతళలాడేలా కడిగిన ఇత్తడి కేసులో వట్టి బుల్లెట్ దించి ఏడాది ఉంచితే రెండూ అతుక్కుపోతాయి, విడిపించడానికి పట్టే బలం ఒక్కో తూటాకి ఒక్కోలా ఉంటుంది. అయితే దానికి కూడా బుల్లెట్ మొత్తం పూయక్కర్లేదు. నేను చేసేది, బుల్లెట్ దించేముందు కేసు నెక్‌ని గ్రాఫైట్ పొడి కలిపిన చిన్న పూసల్లో ఒకసారి ముంచి తీస్తాను, బుల్లెట్ మెత్తగా, ప్రతిదీ ఒకేలా దిగుతుంది, బోర్‌లో ఏ పేచీ లేదు.

పూసినవాటికి మాత్రం వేరే డబ్బా, పెద్ద అక్షరాలతో లేబుల్ పెట్టుకోండి. పూత బుల్లెట్ల కోసం పెంచిన మందు మీద పొరపాటున వట్టి బుల్లెట్ దించితే ప్రెషర్ హద్దు దాటొచ్చు, ఇది నిజంగా ప్రమాదం. పూత మొదలుపెట్టినా, మానేసినా లోడ్‌ని (మందు కొలతని) మళ్ళీ కిందనుంచి, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టుకుని కట్టుకుంటూ రావాలి.

సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొంటుంటే పాత యజమానిని మోలీ వాడారా అని తప్పకుండా అడగండి. వాడి ఉంటే, బ్యారెల్ లోపల చూపించే బోర్‌స్కోప్‌తో ఛాంబర్ ముందు భాగం చూసుకుని, పెనెట్రేటింగ్ ఆయిల్ పట్టించి రాత్రంతా వదిలి, పొద్దున పాలిషింగ్ పేస్ట్‌తో నెమ్మదిగా రుద్దండి. ప్యాచ్ బూడిద రంగు మాని తెల్లగా వచ్చేదాకా లోడ్ టెస్టింగ్ మొదలుపెట్టొద్దు, అంతవరకు ఆ బ్యారెల్ ఇచ్చే గ్రూపులు మీ లోడ్‌వి కావు.