గచ్చిబౌలిలో ఒక రాత్రి, జాన్ సీనా ఇరవై మూడేళ్లు

2023 సెప్టెంబరు 8వ తేదీ శుక్రవారం. ఆఫీసులు వదిలే వేళకు గచ్చిబౌలి వైపు బయలుదేరడం ఎంత తెలివితక్కువ పనో హైదరాబాదులో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. అయినా మా అన్నయ్య కొడుకును వెంటబెట్టుకుని, బాలయోగి ఇండోర్ స్టేడియంలో జరిగే, అమెరికా వినోద కుస్తీ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శనకు బయలుదేరాను. ఆ సంస్థలో పేరుమోసిన కుస్తీవీరుడు జాన్ సీనా భారతదేశంలో బరిలోకి దిగడం అదే మొదటిసారి. దారిలో ట్రాఫిక్ కదలని చోట మావాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "బాబాయ్, ఎవరు గెలవాలో ముందే రాసిపెట్టుకుంటారంట గదా, మరి మనమెందుకు పోతున్నం?" అని అడిగాడు. పద్యనాటకంలో దుర్యోధనుడి తొడ విరగక తప్పదని తెలిసే మీ తాత తెల్లవార్లూ చాప మీద కూర్చుని చూసేవారని చెప్పాను. వాడికి ఆ జవాబు నచ్చలేదు. నిజానికి నాకూ అది సగం జవాబుగానే తోచింది. మిగతా సగం సీనా వృత్తిజీవితాన్ని మొదటి నుంచి తరచి చూస్తే తప్ప దొరకదు.

మా తరానికి కుస్తీ పరిచయమైంది తాలీంఖానాల్లో కాదు, ట్రంపు కార్డుల్లో. ఎత్తు, బరువు, ఛాతీ కొలతలు పోల్చుకుని ఎదుటివాడి కార్డు లాక్కునే ఆ ఆటలో సీనా లేడు. అతడు వచ్చేసరికి మేం కాలేజీల్లో ఉన్నాం, ఇంట్లో కేబుల్ పెట్టెలోకి ఈ కుస్తీలు చూపించే టెన్ స్పోర్ట్స్ ఛానల్ కొత్తగా వచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 1977లో పుట్టిన సీనా, వ్యాయామశాస్త్రంలో డిగ్రీ చేసి, కండలు పెంచే పోటీల మీద మోజుతో కాలిఫోర్నియాకు చేరి, జిమ్ములో పనిచేస్తూ 1999లో కుస్తీ శిక్షణ మొదలుపెట్టాడు. 2002 జూన్ 27న ప్రసారమైన డబ్ల్యూడబ్ల్యూఈ వారపు టీవీ కార్యక్రమం స్మాక్‌డౌన్‌లో, తనతో ఇంతవరకు తలపడనివారు ఎవరైనా రావచ్చని కర్ట్ యాంగిల్ సవాలు విసిరితే బయటికి వచ్చిన కుర్రాడు ఇతడే. యాంగిల్ సామాన్యుడు కాదు, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో నిజమైన కుస్తీలో బంగారు పతకం తెచ్చినవాడు. ఆ రాత్రి సీనా ఓడిపోయాడు. కానీ ఓడిన తీరు వల్లనే గుర్తుండిపోయాడు. కొత్తవాడిని మన్ను కరిపించే అవకాశం ఉండి కూడా, నాలుగైదుసార్లు తానే ఓడిపోయేంత దగ్గరికి వచ్చి, చివర్లో మాత్రమే గెలిచి, అతడిని పెద్దవాడిలా చూపించినవాడు యాంగిల్.

ఈ వృత్తిలో అసలు పని అదే. ఎదుటివాడు విసిరితే అతడికి బరువు తెలియకుండా తేలికగా లేవాలి, పడేటప్పుడు వీపంతా పరచుకుని పడాలి, దెబ్బ ఎంత తగిలిందో చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా తెలిసేలా చూపించాలి. బరి కింద ఉండేది ఇనుప దూలాలు, వాటిమీద చెక్కలు, పైన పలుచటి నురగ పరుపు, ఆపైన గుడ్డ. ఫలితం ముందే రాసుకోవచ్చు గానీ నేల గట్టిదనాన్ని ఎవరూ రాసుకోలేరు.

ఆ తొలి రాత్రి తర్వాత సీనాకు కొన్నాళ్లపాటు గుర్తింపంటూ లేదు. రంగు నిక్కరు వేసుకుని వచ్చి పోయే పదిమందిలో ఒకడు. ఉద్యోగం పోయే దశలో, ఐరోపా పర్యటనలో బస్సు వెనక సీట్లో అప్పటికప్పుడు అల్లి పాడుతున్న ర్యాప్ యాజమాన్యం చెవిన పడి తన బతుకు మారిందని అతడే చెప్పుకున్నాడు. మన అష్టావధానాల్లో ఆశువు చెప్పినట్టు, ప్రతి వారం ఎదుటివాడిని ఎగతాళి చేస్తూ పాడేవాడు. నాకు అతడు నిజంగా నచ్చిన కాలం అదొక్కటే. 2004 మార్చిలో భారీకాయుడు బిగ్ షోను ఎత్తి పడేసి యునైటెడ్ స్టేట్స్ టైటిల్, 2005 ఏప్రిల్‌లో అప్పటి ఛాంపియన్ జేబీఎల్‌ను ఓడించి ప్రధాన ఛాంపియన్ పట్టం దక్కించుకున్నాక ఆ పదును పోయింది. పిల్లల కోసం తయారుచేసిన మంచిబాలుడైపోయాడు. ఎంత దెబ్బ తిన్నా ఐదారు పట్లతో లేచి గెలిచేవాడు. స్టేడియంలో సగంమంది జై కొడితే సగంమంది ఛీకొట్టేవారు, నేను రెండో సగంలో ఉండేవాణ్ని. ముఖ్యంగా 2007 జూన్‌లో మన గ్రేట్ ఖలీని క్రేను మీది నుంచి కిందికి విసిరి గెలిచిన రోజున, మా గదిలో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

అభిప్రాయం మారడానికి కారణం అతడి గెలుపులు కాదు, గాయాలు. 2007 అక్టోబరులో ఛాతీ కండరం ఎముక నుంచి ఊడిపోయింది. ఏడాది దాకా రాడనుకున్నవాడు నాలుగు నెలలైనా నిండకుండానే, 2008 జనవరిలో, ముప్ఫయి మంది ఒకరి తర్వాత ఒకరు బరిలోకి దిగే రాయల్ రంబుల్‌లో ఆఖరివాడిగా వచ్చి గెలిచాడు. అదే ఏడు మెడకు శస్త్రచికిత్స జరిగింది. 2013లో మోచేయి చికిత్స తర్వాత రెండు నెలలకే తిరిగొచ్చాడు. 2015 జులైలో సెత్ రాలిన్స్ మోకాలు తగిలి ముక్కు ఒక పక్కకు ఒరిగిపోతే, నెత్తురు కారుతూనే మిగతా పోటీ పూర్తి చేశాడు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో, అంతకాలం అజేయుడిగా చూపించిన ఇతడిని బ్రాక్ లెస్నర్ పదహారుసార్లు వెనక్కి ఎత్తి విసిరాడు. ఆ పోటీలో సీనాకు దాదాపు ఏమీ మిగల్చలేదు, అతడూ ఏమీ మిగుల్చుకోలేదు. ఆ రాత్రి నుంచి నేను అతణ్ని వెక్కిరించడం మానేశాను. 2017 జనవరిలో ఏజే స్టైల్స్‌ను ఓడించి పదహారోసారి ఛాంపియనై, ఆ రికార్డు అంతవరకూ ఒంటరిగా తన పేర ఉన్న పాతతరం రిక్ ఫ్లెయిర్ సరసన నిలిచాక, సినిమాల వైపు వెళ్లి అప్పుడప్పుడు మాత్రమే వచ్చేవాడు.

గచ్చిబౌలికి వచ్చింది ఆ అప్పుడప్పుడు వచ్చే సీనాయే, వయసు నలభై ఆరు. తలలో జుట్టు పలచబడింది. అయినా అతడి పాట బాకా మోగగానే లేచిన కేకకు మావాడి ప్రశ్న ఎటు పోయిందో తెలియదు. చిత్రమేమిటంటే, ఆ రాత్రి అతడికి జోడీగా నిలిచినవాడు, ఎనిమిదేళ్ల క్రితం అతడి ముక్కు పగలగొట్టిన సెత్ రాలిన్సే. ఎదుట లుడ్విగ్ కైజర్, జొవాన్ని విన్సీ. సీనా ఎక్కువసేపు దెబ్బలు తింటూ కింద ఉన్నాడు. మన పిల్లలు గొంతు పోయేలా అరిచి లేపే అవకాశం ఇవ్వడానికే అలా పడి ఉన్నాడని నాకు తెలుసు, తెలిసీ నేను కూడా అరిచాను. గెలిచింది సీనా జట్టే.

అదే రాత్రి అంతకు ముందు పోటీలో, కైజర్, విన్సీల నాయకుడైన ఆస్ట్రియావాడు గుంథర్, హర్యానాకు చెందిన ఏడడుగుల షాంకీని ఓడించాడు. షాంకీ కోసం స్టేడియం ఎంత అరిచిందో చెప్పలేను. అదే నెలలో కంపెనీ అతణ్ని వదులుకుంది. సీనా లాంటి వృత్తిజీవితం లక్షలో ఒకరిది, షాంకీలాంటిది మిగతావారందరిదీ. టికెట్టు కొన్నప్పుడు మనం ఈ సంగతి తలచుకోం.

2024 జులైలో టొరంటోలో, మరుసటి ఏడాదితో విరమిస్తానని సీనా ప్రకటించాడు. 2025 మార్చిలో అప్పటి ఛాంపియన్ కోడీ రోడ్స్‌ను వంచించి, ఇరవై ఏళ్లుగా మోసిన మంచివాడి వేషాన్ని పక్కన పెట్టాడు. ఏప్రిల్ 20న అతణ్నే ఓడించి పదిహేడో పట్టంతో అందరినీ దాటాడు, ఆగస్టులో అతడికే పట్టం తిరిగి అప్పగించాడు. ఆ దుష్టవేషం అతడికి అంతగా అతకలేదు, కొన్ని నెలలకే విడిచిపెట్టడం మంచిదైంది.

డిసెంబరు 13న వాషింగ్టన్‌లో చివరి పోటీ. మనకు ఆదివారం ఉదయం. ఎదుట ఉన్నది గుంథర్, రెండేళ్ల క్రితం మా కళ్ల ముందు షాంకీని పడగొట్టిన మనిషి. మెడ చుట్టూ చెయ్యి బిగించి పట్టాడు. 'ఎప్పుడూ లొంగను' అన్న మాటను తువ్వాళ్ల మీద, టోపీల మీద అచ్చువేయించి అమ్ముకున్న సీనా, ఒకసారి నవ్వి, చేత్తో తట్టి లొంగిపోయాడు. జనం కోపంతో ఛీకొట్టారు. తర్వాత బూట్లు, చేతి పట్టీలు విప్పి బరి మధ్యలో పెట్టి వెళ్లిపోయాడు.

ఐదు నిమిషాల్లో మావాడి ఫోను. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, గొంతు మారింది. "రాసుకున్నోళ్లు ఆఖరికి గెలిపిస్తే ఏం పోయింది బాబాయ్?" అన్నాడు. రాయమని అడిగింది అతడే అయ్యుంటే ఏమంటావని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, గచ్చిబౌలిలో తీసిన వీడియో ఉంటే పంపమన్నాడు. వెతికి పంపాను. అందులో సీనా కంటే నా అరుపే ఎక్కువ వినిపిస్తోంది.