బ్రిడ్జ్ హంబకర్ కూత: రెండోసారి మైనం పట్టించాక

నిన్న రాత్రి పదకొండున్నరకి నా ఎలక్ట్రిక్ గిటార్‌లో బ్రిడ్జ్ పికప్ (తీగల కదలికని కరెంటుగా మార్చే ముక్క, బ్రిడ్జ్ వైపు ఉండేది) కవర్ ఊడదీశాను. మూడు వారాలుగా నిద్ర లేకుండా చేసిన కీచు ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు తెలిసింది. కవరుకీ బాబిన్లకీ (కాయిల్ తీగ చుట్టే ప్లాస్టిక్ చట్రాలకీ) మధ్య ఒక్క మూలలో తప్ప ఎక్కడా మైనం చుక్క లేదు. వేలు పెట్టి రాస్తే పొడిగా ఉంది. పికప్ లోపల ఏదీ వదులుగా ఆడకుండా మొదటిసారి అంత ఓపిగ్గా పట్టించిన మైనం కాయిల్ పక్కలకి పోయింది కానీ, అసలు కావాల్సిన చోటికి పోలేదు. ఆ సంతోషంలో టైమ్ కూడా చూసుకోకుండా చిత్తూరులో ఉన్న బావకి ఫోన్ చేసేశాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. పోయిన ఏడాది ఎస్వీ యూనివర్సిటీలో చదువు ముగించుకుని ఊరికి వెళ్లిపోతున్న ఒకబ్బాయి దగ్గర రెండు హంబకర్ల (గుయ్యిమనే హమ్ రాకుండా రెండేసి కాయిల్స్‌తో చేసిన పికప్‌ల) గిటార్ 7,500 రూపాయలకి కొన్నాను. నెక్ బాగుంది, ఫ్రెట్లు బాగున్నాయి. పికప్‌లు మాత్రం మార్చాలనిపించింది. జతకి రెండున్నర వేలు దాటకూడదని ముందే అనుకున్నాను. సీమోర్ డంకన్ జేబీ, డిమార్జియో సూపర్ డిస్టార్షన్ లాంటి పేరున్న పికప్‌లు మంచివే, వాటి మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ వాటిని జతగా తెప్పిస్తే గిటార్ ధరని మించిపోతుంది.

ఇప్పటిదాకా ఈ గిటార్‌లో మూడు జతలు మారాయి. మొదటిది గిటార్‌తో వచ్చిన సిరామిక్ అయస్కాంతాల జత. బ్రిడ్జ్ 13.6 కె (కాయిల్ రెసిస్టెన్స్, కిలో ఓమ్‌లలో) చూపించింది. శబ్దం గట్టిగా వస్తుంది, కానీ రెండు తీగలు కలిపి మోగిస్తే ముద్దైపోతుంది. రెండోది బావ వాడకుండా పెట్టెలో ఉంచిన ఆర్టెక్ కంపెనీ జత. బ్రిడ్జ్ 8 కె చుట్టూ ఉంది. క్లీన్‌లో (డిస్టార్షన్ లేకుండా) నాకు బాగా నచ్చింది, ఈ ధరలో ఎవరడిగినా ముందు ఆర్టెక్ పేరే చెబుతాను. కానీ అది బావది, వినాయక చవితికల్లా తిరిగిచ్చేయాలి. మూడోది ఆన్‌లైన్‌లో 1,650కి తెప్పించిన జత. ఆల్నికో 5 అయస్కాంతాలు, నికెల్ పూత కవర్లు, నాలుగు వైర్లు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఒక్క పీస్ చూసి మొత్తం కంపెనీ మీద తీర్పు చెప్పడం సరికాదు. దీని నెక్ పికప్ (గిటార్ మెడ వైపుది) చాలా బాగుంది, దాని గురించి అంతకంటే చెప్పాల్సింది లేదు. బాధంతా బ్రిడ్జ్‌తోనే.

పోల్చేటప్పుడు అందరికీ ఒక మాట. శబ్దం సమానం చేయకుండా ఏది బాగుందో తేల్చకండి. నేను మూడింటినీ ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) నాబ్ ఒకే చోట ఉంచి రికార్డ్ చేశాను. ఒకే కార్డ్, ఒకే పిక్. సిరామిక్ పీక్ మైనస్ 9 డీబీ (డెసిబెల్, సున్నాకి ఎంత దగ్గరైతే శబ్దం అంత గట్టి), ఆర్టెక్ మైనస్ 14, కొత్తది మైనస్ 15. ఆ ఐదారు డీబీల తేడాకే చెవి సిరామిక్ వైపు మొగ్గుతుంది. మూడింటినీ సమానం చేసి విన్నాక నా అభిప్రాయం తారుమారైంది.

కిలో ఓమ్‌ల లెక్కతో కూడా జాగ్రత్త. రాగి తీగ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది. ఆర్టెక్ బ్రిడ్జ్‌ని జనవరిలో పొద్దున్నే కొలిచినప్పుడు 7.7 కె. అదే పికప్ ఈ మే నెల మధ్యాహ్నం, గదిలో 40 డిగ్రీలు ఉన్నప్పుడు 8.3 కె. పికప్ మారలేదు, తిరుపతి ఎండ మారింది. 8.0కీ 8.3కీ మధ్య ఎవరైనా తేడా విన్నామంటే ముందు ఏ నెలలో కొలిచారో అడగాలి.

ఇక కూత సంగతి.

ఆంప్ (ఆంప్లిఫయర్) 15 వాట్లది, నేను దానికి మీటరున్నర దూరంలో కూర్చుంటాను. గెయిన్ (సిగ్నల్‌ని పెంచే నాబ్) 5 దాటగానే తీగలన్నీ అరచేత్తో మూసేసినా సన్నగా, చెవిలో సూది దించినట్టు కీచుమని మొదలవుతుంది. నెక్ పికప్‌కి మార్చగానే ఆగిపోతుంది. ఇంట్లో వాల్యూమ్ తగ్గించి సర్దుకోవచ్చు. కానీ బావ వాళ్ల ఆర్కెస్ట్రాతో పందిట్లో వాయించాలంటే కుదరదు. అక్కడ ఆంప్, డ్రమ్స్, మానిటర్లు అన్నీ నాలుగడుగుల్లో ఉంటాయి.

మొదట ట్రెమొలో (తీగల శ్రుతిని ఊపే బ్రిడ్జ్) స్ప్రింగుల మీద అనుమానం వచ్చింది. వెనక మూత తీసి స్పాంజి కుక్కాను. ఏమీ మారలేదు. తర్వాత గ్రౌండ్ చూశాను. కవర్ నుంచి బ్రిడ్జ్‌కి మీటర్ పెడితే 0.4 ఓమ్. పక్కాగా ఉంది. రెండు కాయిల్స్ విడివిడిగా 4.05, 4.02 కె. సమానంగా చుట్టారు, హమ్ కూడా లేదు. పికప్‌ని 2 మిల్లీమీటర్లు కిందికి దించాను. కూత శ్రుతి మారలేదు.

అప్పుడు పెన్ను వెనక భాగంతో కవర్ మీద కొట్టి చూశాను. టక్ టక్ అని ఆంప్‌లో మైకు మీద కొట్టినట్టే వినిపించింది. రికార్డ్ చేస్తే మైనస్ 22 డీబీ. నెక్ పికప్ మీద అంతే గట్టిగా కొడితే మైనస్ 40. అంటే బ్రిడ్జ్‌లో ఏదో వదులుగా కదులుతోంది. మైనం పట్టించాల్సిందే.

పారఫిన్ 200 గ్రాములు, తేనెమైనం 50 గ్రాములు. పారఫిన్ సులువుగానే దొరికింది. తేనెమైనం కోసం రెండు మూలికల కొట్లు తిరిగి వచ్చాక మా అవ్వ తన బొట్టు పెట్టె తెరిచి చూపించింది. కుంకుమ నిలవడానికి కింద రాసుకునే మైనం ముద్ద, నిమ్మకాయంత. చల్లగా, వేలి గుర్తులతో, కుంకుమ వాసన వేస్తూ ఉంది. "ఇదేనా నాయనా నువ్వు ఎతుకుతా ఉండేది? తీసుకో, నాకు ఇంకోటి ఉండాది" అంది. తూస్తే 54 గ్రాములు.

గిన్నెలో నీళ్లు, అందులో ఇంకో గిన్నె, ఇండక్షన్ స్టవ్. మైనం గిన్నెని నేరుగా మంట మీద పెట్టకండి, అంటుకుంటుంది. థర్మామీటర్ 65 డిగ్రీల దగ్గర నిలిచేలా చూసుకున్నాను. 70 దాటితే బాబిన్ ప్లాస్టిక్ వంకర పోతుందని భయం. కవర్ పూతకి గీతలు పడకూడదని పికప్‌ని వెల్లకిలా, ముఖం పైకి ఉండేలా, చెంచా మీద ఆనించి ముంచాను. సన్నటి బుడగలు వరసగా వచ్చాయి. 12 నిమిషాలకి ఆగిపోయాయి. బుడగలు ఆగితే పని అయినట్టే అని అందరూ చెబుతారు. నేనూ అదే నమ్మాను.

బయటికి తీసి వెంటనే మీటర్ పెడితే 9.1 కె. కాయిల్ పాడైపోయిందేమోనని గుండె ఆగినంత పనైంది. రెండు గంటలు చల్లారాక 8.1కి దిగింది. పైన చెప్పిన రాగి లెక్కే. కాబట్టి వేడి మీద కొలిచి టెన్షన్ పడకండి.

గిటార్‌కి బిగించి కొడితే మైనస్ 24 డీబీ. అంత కష్టానికి రెండంటే రెండు డీబీలు. కూత అలాగే ఉంది. ఆ రోజు చాలా నిరుత్సాహపడ్డాను, వారం రోజులు గిటార్ ముట్టుకోలేదు.

మళ్లీ కూర్చున్నది గంగమ్మ జాతర అయిపోయాక. ఫోన్‌లో స్పెక్ట్రమ్ యాప్ పెట్టి కూత ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో చూశాను. 2,900 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక గీత. గిటార్‌ని ఎటు తిప్పినా, ఏ తీగ నొక్కినా గీత కదల్లేదు. అప్పుడు బొటనవేలితో కవర్ అంచులు నొక్కాను. మార్పు లేదు. నడిమధ్యన నొక్కాను. టక్కున ఆగిపోయింది. వేలు తీస్తే మొదలు, పెడితే ఆగడం. పదిసార్లు చేశాను, పదిసార్లూ అదే. అప్పుడే కవర్ మధ్యభాగం డప్పు మీద తోలులా ఆడుతోందని తేలింది.

కవర్ తీయడానికి నా 25 వాట్ల ఐరన్ చాలలేదు. బేస్‌ప్లేట్ వేడంతా పీల్చేసుకుంటుంది, సోల్డర్ కరగదు. ఎక్కువసేపు పెడితే కాయిల్‌కే ముప్పు. హాక్సా బ్లేడు ముక్కతో రెండు పక్కలా సోల్డర్ గీతల్ని మెల్లగా కోశాను. నలభై నిమిషాలు పట్టింది. కవర్ ఊడి చేతిలోకి వచ్చింది. లోపల పొడి.

ఎందుకు పొడిగా ఉందో రాత్రంతా ఆలోచించాను. చెంబుని బోర్లించి నీళ్లలో ముంచితే లోపలి గాలి ఎక్కడికీ పోదు, నీళ్లు పైదాకా ఎక్కవు. ముఖం పైకి పెట్టి ముంచినప్పుడు నా కవర్ అచ్చం ఆ బోర్లించిన చెంబే. పోల్ స్క్రూలు (ఒక్కో తీగ కింద కవర్‌లోంచి కనిపించేవి) రంధ్రాల్లో బిగుతుగా ఉన్నాయి, గాలి పోవడానికి దారి లేదు. బుడగలు ఆగింది గాలంతా పోయినందుకు కాదు, పోవడానికి వీలు లేనందుకు. కవర్ ఉన్న పికప్‌ని వీపు పైకి ఉండేలా ముంచాలి, మధ్యలో ఒకటి రెండుసార్లు పక్కకి వంచి తట్టాలి. నేను చూసిన వీడియోల్లో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

ఇంకో విషయం. కవర్ అంచుని లోపలి వైపు ఆకురాయితో కొద్దిగా రుద్దితే పూత కింద పసుపు రంగు కనిపించింది. ఇత్తడి. మంచి కవర్లు నికెల్ సిల్వర్‌తో చేస్తారు, పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం అది. ఇత్తడిలో కరెంటు మరింత సులువుగా పారుతుంది కాబట్టి కవర్‌లోనే సుడి ప్రవాహాలు పుట్టి పై ట్రెబుల్ తగ్గుతుంది. ఈ పికప్ కొంచెం మసకగా వినిపిస్తోందని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నేనేమో ఆ నింద పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్ల) మీద వేశాను. పాట్‌లు కొలిస్తే 500 కె అని రాసి ఉన్నవి 412, 468 వచ్చాయి, కాబట్టి వాటి పాత్ర కూడా ఉంది. కానీ కవర్ తీశాక వచ్చిన తేడా వాటికంటే పెద్దది.

ఇవాళ పొద్దున కవర్ లేకుండా రెండోసారి మైనం పట్టించాను. 65 డిగ్రీలు, 20 నిమిషాలు, మధ్యలో మూడుసార్లు తిప్పాను. ముందే బేస్‌ప్లేట్ కింద ఉన్న నాలుగు బాబిన్ స్క్రూలు చూస్తే రెండు పావు తిప్పు వదులుగా ఉన్నాయి, బిగించాను. సాయంత్రం కొడితే మైనస్ 39 డీబీ. నెక్‌తో సమానం. 2,900 దగ్గరి గీత మాయమైంది. గెయిన్ 8 దాకా నిశ్శబ్దం. చిన్న పవర్ కార్డ్ వాయించి చేత్తో ఆపితే శబ్దం తలుపు మూసినట్టు ఆగింది. ఆ ఒక్క క్షణం కోసం మూడు వారాలు పడ్డ శ్రమంతా మర్చిపోయాను.

అయితే గెయిన్ 9 దగ్గర ఇంకో కూత వచ్చింది. ఇది పాతది కాదు, 1,180 హెర్ట్జ్, లావుగా ఉంది. పికప్‌ని నొక్కితే ఆగదు, ఎత్తు సరిచేసే స్క్రూని వేళ్లతో పట్టుకుంటే శ్రుతి మారుతోంది. స్క్రూ కింద ఉన్న స్ప్రింగ్ ఆడుతోందని నా అంచనా. ఒక పక్క స్ప్రింగ్ తీసి సైకిల్ వాల్వ్ ట్యూబు 15 మిల్లీమీటర్ల ముక్క పెట్టాను. గీత 1,180 నుంచి 960కి దిగింది, ఎత్తు కూడా తగ్గింది. రెండో పక్క కూడా మార్చాలి, ఇంట్లో ఉన్న ముక్క అయిపోయింది. రేపు బైరాగిపట్టెడలో సైకిల్ షాపు తెరిచాక తెస్తాను.

1955లో గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ హంబకర్‌కి పేటెంట్ దరఖాస్తు చేసినప్పుడు, ఆ తర్వాత వచ్చిన పీఏఎఫ్ (పేటెంట్ అప్లైడ్ ఫర్) పికప్‌లకి మైనం పట్టించేవారు కాదు. కవర్ కూడా ఉండేది. అప్పటి ఆంప్‌ల గెయిన్‌కి అది సరిపోయింది. మైనం అస్సలు వద్దు, పట్టిస్తే శబ్దంలో ప్రాణం పోతుంది అనేవాళ్ల మాట నాకు అర్థమవుతుంది, క్లీన్‌లో వాయించేవాళ్లకి అది నిజం కావచ్చు. కానీ పందిట్లో, ఇంత గెయిన్‌తో వాయించేవాడికి మైనం తప్పదు. నా క్లీన్ రికార్డింగుల్లో మైనానికి ముందు, తర్వాత పెట్టి పదిసార్లు విన్నాను, ప్రాణం ఎక్కడికీ పోలేదు.

పనిలో పనిగా ఇంకొకటి. మొన్న ఆర్టెక్ నెక్, కొత్త బ్రిడ్జ్ కలిపి పెట్టినప్పుడు మధ్య పొజిషన్‌లో (రెండు పికప్‌లూ కలిసి మోగేచోట) శబ్దం రేకు డబ్బాలా పలచగా వచ్చింది. ఫేజ్ తిరగబడింది, అంటే ఒక పికప్ శబ్దాన్ని ఇంకోటి తినేస్తోంది. నాలుగు వైర్ల పికప్‌లో హాట్ (సిగ్నల్ వచ్చే వైర్), గ్రౌండ్ మార్చి, తొడుగు లేని వైర్‌ని మాత్రం గ్రౌండ్‌లోనే ఉంచితే సరిపోయింది. వైర్ల రంగులు మాత్రం నమ్మకండి. డంకన్‌లో నలుపు హాట్, డిమార్జియోలో ఎరుపు హాట్, చౌక జతల్లో ఎవరి లెక్క వాళ్లది. మీటర్‌తో చూసుకోవడమే.

వచ్చే ఆదివారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్తున్నాను. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో ఆ రోజు ఎన్ని కొట్లు తెరిచి ఉంటాయో బావ స్నేహితుడిని కనుక్కోమన్నాను, లేకపోతే సోమవారం సెలవు పెడతాను. మీటర్ వెంట తీసుకెళ్లి, 500 కె పాట్‌లు పది కొలిచి, 520కి పైన ఉన్న రెండు ఏరుకోవాలి. కొత్త నికెల్ సిల్వర్ కవర్ కూడా తెప్పించాలి. 50 మిల్లీమీటర్లదా 52దా అన్నది మొదటి పోల్ నుంచి చివరి పోల్‌కి కొలిచాకే ఆర్డర్ చేస్తాను, బ్రిడ్జ్‌ది నా స్కేల్ మీద 52 వచ్చింది. కవర్ మళ్లీ పెట్టేటప్పుడు లోపలి ముఖానికి ముందే పలచగా మైనం పూసి, ఈసారి వీపు పైకి పెట్టి ముంచుతాను. దానికి మైనం ఇంకా కావాలి. అవ్వ దగ్గర ఉన్న ఆ రెండో ముద్ద అడగలేను, అది ఆమెకే ఉండాలి. తేనె అమ్మేవాళ్లు కపిలతీర్థం రోడ్డు వైపు వస్తుంటారని పక్కింటి అక్క చెప్పింది, రేపు సైకిల్ షాపు నుంచి అటే వెళ్లి చూస్తాను.